మోకాలికి చెప్పిన సాక్ష్యం

ఆ రోజుల్లో నాకు మనుషులు కనబడేవారు కాదు, వాళ్ళ ఎముకలే కనబడేవి. పామర్‌స్టన్ నార్త్ అనే పరాయి దేశపు ఊళ్ళో నర్సింగ్ చదువుతూ తుంటి పాఠం దగ్గరికి వచ్చాను. తొడగూడు అన్న మాట నాకు సండే స్కూల్లోనే పరిచయం. దేవునితో తెల్లవార్లూ పెనుగులాడి, తొడగూడు జారి, దీవెనతో పాటు కుంటినడకనూ తెచ్చుకున్న పితరుడి కథ విన్నప్పుడల్లా ఆ గూడు ఎలా ఉంటుందోనని ఊహించుకునేదాన్ని. ఇప్పుడది ప్లాస్టిక్‌లో నా కిటికీ గట్టు మీదే ఉండేది. దూరాన కొండల మీద గాలిమరలు నిద్రలో ఉన్నట్టు తిరుగుతుంటే నేను దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. తొడ ఎముక పైన బంతిలాంటి తల, దాని కింద ఏటవాలుగా మెడ, మెడ మొదట్లో కండరాలు పట్టుకునే పెద్ద బొడిపె, లోపలివైపు కాస్త వెనగ్గా చిన్న బొడిపె. ఆ తల కటి ఎముకలోని గిన్నెలో ఒదిగి, మనం నడిచినా మోకరించినా మెత్తగా తిరుగుతుంది. ఆ గిన్నెను అంత నున్నగా మలిచిన చేతులను తలచుకుంటే కళ్ళు చెమర్చేవి. (పరీక్షను తలచుకున్నా చెమర్చేవి, అది వేరే సంగతి.)

నేనుండే గది స్తోత్రం ఆంటీ ఇంట్లోది. ఆవిడ మా తెలుగు క్రైస్తవ సహవాసంలో పెద్దావిడ. ఏం చెప్పినా ముందు స్తోత్రం అంటుంది కనుక పిల్లలు ఆ పేరు పెట్టారు. చలికాలం మొదట్లో ఆవిడకు కుడి మోకాలి నొప్పి పట్టుకుంటే, ఆదివారం అద్దె హాల్లో అందరం చుట్టూ చేరి, ఆ మోకాలి మీద చేతులుంచి ప్రార్థించాం. మరుసటి ఆదివారమే ఆవిడ లేచి, నొప్పి పోయిందని సాక్ష్యం చెప్పింది. హాలు మారుమోగిపోయింది. ఆ తర్వాత పాటలప్పుడు ఆవిడ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఆత్మలో ఆనందిస్తోందని మేమూ ఊగాం. కొన్ని వారాలకు మా సహవాసం మొత్తం గాలికి వరిచేను ఊగినట్టు ఊగేది.

పరీక్షకు సాధన చేయడానికి రోగి కావలసివచ్చింది. ఒక సాయంత్రం ఆంటీని బతిమాలాను. పిల్ల చదువు కోసమని ఆవిడ ఒప్పుకుని, వంటగది గట్టు పట్టుకుని, నేను చెప్పినట్టు కుడికాలి మీద నిలబడింది. ఎడమ తుంటి కిందికి జారిపోయింది, అంటే బరువు మోయలేనిది కుడి తుంటే. పడుకోబెట్టి, మోకాలు వంచి, తొడను మెల్లగా తిప్పబోయానో లేదో ఆవిడ ఊపిరి బిగబట్టింది. అచ్చం పుస్తకంలో బొమ్మే. తుంటి కీలు అరిగితే ఇలాగే ఉంటుందని గట్టిగా అంటూ, నిధి దొరికినట్టు గంతేశాను. అప్పుడు చూశాను ఆవిడ ముఖం.

"ఎవరితో అనకు తల్లీ," అంది పైకప్పు వంక చూస్తూ. "పోయిన నొప్పి నెల తిరక్కుండానే వచ్చింది. అంతమందిలో సాక్ష్యం చెప్పాను. ఇప్పుడు కుంటుకుంటూ డాక్టర్ దగ్గరికెళ్తే దేవుడి పేరేం కాను?"

ఊగడమంతా కుంటడమేనని అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. ఆవిడ ఇలాగే దాచుకుంటూ పోతే ఆ కీలు ఏమవుతుందో పాఠంలో చదివినదాన్ని కనుక భయం వేసింది. ప్రార్థించుకుని, కిటికీ దగ్గరి ప్లాస్టిక్ ఎముకనూ గిన్నెనూ తెచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాను. తుంటి కీలుకు వెళ్ళే నరమే మోకాలి వైపూ వెళ్తుందనీ, అందుకే కొందరిలో చెడేది తుంటి అయినా ఏడ్చేది మోకాలనీ చెప్పాను.

"మీ మోకాలికి ఏ జబ్బూ లేదేమో ఆంటీ. మోకాలు బాగుందనేగా మీరు సాక్ష్యం చెప్పింది? బాగానే ఉంది మరి."

ఆవిడ మోకాలు తడిమి చూసుకుంది. "అయితే మనమంతా కలిసి దేవుడికి తప్పు అడ్రస్ ఇచ్చామంటావ్."

"అలాంటిదే."

"ఆయనకి తెలీదంటావా నా తుంటి ఎక్కడుందో?" అంటూ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వితే కూడా నొప్పే పాపం. తర్వాత ఆ ఎముక తలను గిన్నెలో పెట్టి చాలాసేపు తిప్పుతూ ఉండిపోయింది. చీకటి పడుతున్నా ఇద్దరం లైటు వేయలేదు.

ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఎక్స్‌రేలో గిన్నెకూ బంతికీ మధ్య సందు దాదాపు లేదు. ఆపరేషన్ చేసి కొత్త కీలు పెట్టాలన్నారు. ఆదివారం ఆంటీ సాక్ష్యానికి లేచినప్పుడు, నరం సంగతి నన్ను వివరించమంటుందని పొద్దున్నుంచీ మనసులో వల్లె వేసుకుంటూ ముందు వరుసలో కూర్చున్నాను. ఆవిడ మాత్రం నా వైపు చూడనే లేదు.

"నొప్పి పోయిందని చెప్పాను. కొన్నాళ్ళు నిజంగానే పోయింది, మళ్ళీ వచ్చింది. చెప్పడానికి సిగ్గేసింది. ఆపరేషన్ అంటున్నారు. నాకు భయంగా ఉంది, ప్రార్థన చెయ్యండి."

అంతలో వెనక వరుసలోంచి ఐటీ అంకుల్ ఒకాయన లేచి, తగ్గిందని చెప్పిన తన షుగర్ కూడా తగ్గలేదని మెల్లగా చెప్పాడు. ఆయన భార్య లేచి, ఆయన గురకకు చెప్పిన సాక్ష్యం కూడా వెనక్కి తీసుకుంటున్నానంది. ఆ మధ్యాహ్నం అలా ఒకరి తర్వాత ఒకరు లేస్తూనే ఉన్నారు. పాస్టర్ గారు ప్రసంగం కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని అందరి కోసం ప్రార్థించారు. భోజనాలు చల్లారిపోయాయి గాని ఎవరూ గొణగలేదు.

ఇంటికి వస్తూ కారులో ఉండబట్టలేక అడిగాను, నరం సంగతి ఎందుకు చెప్పలేదని.

"బాగుందమ్మా అది. అది చెబితే నా పరువు నిలబడేది. కానీ నాకు ప్రార్థన కావాలి కదా," అంది ఆంటీ.

ఆపరేషన్ బాగా జరిగింది. నేనూ పాసయ్యాను. ఇప్పుడు ఎముకల వార్డులోనే పని చేస్తున్నాను. తెల్లవారుజామున రౌండ్లయ్యాక కిటికీ దగ్గర నిలబడితే అప్పటి నేను, ఆ ముందు వరుస అమ్మాయి, గుర్తొస్తుంది. అంత చక్కటి జవాబును ఎవరూ వాడుకోలేదని చాలా రోజులు చిన్నబుచ్చుకుని తిరిగింది పిచ్చిది. ఎప్పుడైనా కలలో ఎదురైతే నేనేమీ బోధించను. పక్కన కూర్చోబెట్టుకుని, ఆ నరం ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తుందో చెప్పమ్మా అంటాను. చివరిదాకా వింటాను.