దూరపు బోర్డులు

కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఆ దుకాణంలో పదిహేనేళ్లుగా అతని పని ఒకటే, వచ్చినవాళ్లు కోరిన కంప్యూటర్‌ని బిగించి ఇవ్వడం. అలవాటు కూడా ఒకటే, కోరినదాని కంటే తక్కువది చాలని చెప్పడం. అందుకే తోటివాళ్లు అతన్ని వద్దుగారు అని పిలిచేవారు. యజమానికి మాత్రం ఆ పేరు చెవిన పడితే ఒళ్లు మండేది.

గ్రాఫిక్స్ కార్డుల దగ్గర వద్దుగారి మొండితనం మరీ ఎక్కువ. కంప్యూటర్ ఆటలో కనిపించే బొమ్మలన్నీ గీసి తెర మీదికి పంపేది ఆ కార్డే. పాతది ఉంటే ఆట నత్తనడక నడుస్తుంది, నిజమే. మధ్యరకం వేస్తే పరుగెడుతుంది. అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ ధర రెట్టింపవుతుంది గానీ, తేడా చూడాలంటే తెరకు ముక్కు ఆనించాలి. గోడంత తెర కొన్నవాళ్లకి పైరకం అవసరమేనని అతను ఒప్పుకునేవాడు. మిగతావాళ్లు మాత్రం పెట్టెలో రంగు దీపాలు వెలిగించుకుని మురిసిపోతున్నారని అతని లెక్క. కంటికి కనిపించని తేడాకి అంత పోయడం ఎందుకండీ అని మొహం మీదే అడిగేవాడు.

అలాంటి మనిషి దుకాణంలోకెల్లా ఖరీదైన కార్డుని సొంత బావకే అమ్మాడు.

బావ, అంటే అక్క మొగుడు, బడి బస్సు డ్రైవరు. పగలంతా స్టీరింగు తిప్పినవాడు ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చుంటాడా అంటే అదీ లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని మళ్లీ లారీ తోలతాడు. మంచు కొండలూ సముద్రపు ఒడ్డులూ దాటి సరుకు చేరవేసే ఆట అది. దానికోసం బల్లకు బిగించే స్టీరింగు ఒకటి. జీతం రాని డ్యూటీ అని అక్క ఎద్దేవా చేసేది.

కిందటేడాది బావ ఒక ఫిర్యాదుతో వచ్చాడు. ఆటలో దూరంగా ఉన్న బోర్డుల మీద ఊళ్ల పేర్లు మసకగా కనిపిస్తున్నాయట. దగ్గరికొస్తే గానీ అక్షరాలు తేలడం లేదట. ఈ మాట వింటే ఆ వృత్తిలో ఎవరికైనా ఒకటే తోస్తుంది. కార్డుకి శక్తి చాలకపోతే దూరంగా ఉన్నవాటిని అలికినట్టు గీస్తుంది. వద్దుగారికీ అదే తోచింది. మనుషులు ఏ కష్టం చెప్పినా పెట్టెలోనే మందు వెతికి వెతికి, ఎదురుగా ఉన్న మనిషిని చూడటం మరిచిపోయాడు. మధ్యరకం కార్డు తెచ్చి వేశాడు. బాగుందన్నాడు బావ. కొన్నాళ్లకి మళ్లీ అదే పాట.

ఈ నెలలో ఏకంగా పైరకం కార్డే కావాలని వచ్చి కూర్చున్నాడు. వద్దుగారు ఎప్పటిలాగే వద్దన్నాడు. నీ నీతులు బయటివాళ్లకి చెప్పుకోమని బావ కసిరాడు. పెళ్లయినప్పటి నుంచీ బావమరిదిని పల్లెత్తు మాట అనని మనిషి అలా కసిరేసరికి, అతను నొచ్చుకుని కార్డు ఇచ్చేశాడు. యజమాని ఆ రోజు అతనికి ప్రత్యేకంగా టీ తెప్పించాడు.

నాలుగు రోజులకే ఫోన్ వచ్చింది. ఇంకా మసకగానే ఉందట.

ఆదివారం మధ్యాహ్నం వద్దుగారు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని అక్క ఇంటికి వెళ్లాడు. బావ ఆట మొదలుపెట్టి, మలుపు తిరగ్గానే లారీ ఆపి, అదిగో చూడమని వేలు చూపించాడు. అతను చూశాడు. రోడ్డు చివర గోరంత బోర్డు, దాని మీద చెక్కినట్టున్న అక్షరాలు. తన కళ్లనే నమ్మలేక సెట్టింగులన్నీ తిరగేశాడు. తీగలు పీకి మళ్లీ పెట్టాడు. ఈలోగా ఆరిన బట్టలు చేతి మీద వేసుకుని అక్క గుమ్మంలోకి వచ్చింది. అక్కడే నిలబడి బోర్డు మీది ఊరి పేరు, కిలోమీటర్లతో సహా గడగడా చదివేసి, కనిపించనిది ఇదేనా అని నవ్వింది.

వద్దుగారికి నవ్వు రాలేదు. రెండో తరగతి చదివే అతని కూతురు రోజూ వెళ్లేది ఆ బస్సులోనే. మామయ్య బస్సంటే ఆ పిల్లకి ప్రాణం. అతను పనిముట్లు సంచీలో పడేసి బావ వైపు తిరిగాడు.

"బావా, కార్డు బాగానే ఉంది," అన్నాడు మెల్లగా.

"తెలుసురా," అన్నాడు బావ. "అన్నిటికన్నా మంచిది వేస్తే మసక పోతుందేమోనని ఆశపడ్డా. ఇదీ అయిపోయింది."

కళ్లద్దాల షాపుకి చాటుగా వెళ్లొచ్చాడట. అద్దాలతో అయ్యే పని కాదు, పెద్ద డాక్టరుకి చూపించుకోమన్నారట. వెళ్లలేదు. వెళితే చూపు తగ్గిందని కాగితం మీద రాసేస్తారు, రాశాక బస్సు ఎక్కనివ్వరు. ఇల్లు గడిచేది ఆ జీతం మీదే. వింటుంటే వద్దుగారికి జాలి కంటే ముందు కోపం వచ్చింది. పళ్లు బిగబట్టుకుని, రేపటి నుంచి బస్సు తీయడానికి వీల్లేదన్నాడు.

"రోజూ తిరిగే దారేగా. కళ్లు మూసుకుని తోలగలను," అన్నాడు బావ.

అనేశాక ఆ మాట తనకే వినిపించినట్టుంది. తల దించుకున్నాడు. అక్క చేతిలోని బట్టలు మంచం మీద పడేసి, ఫోన్ తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

బావ బస్సుల సూపర్‌వైజరుకి ఫోన్ కలిపాడు గానీ, అటు నుంచి హలో వినగానే ఫోన్ బావమరిది చేతిలో పెట్టేశాడు. వద్దుగారు తానెవరో చెప్పి, డ్రైవరుకి చూపు ఆనడం లేదని, రేపు ఇంకెవరినైనా పంపమని చెప్పాడు. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగాడు సూపర్‌వైజరు.

"ఏడాది దాటింది."

"మీకెలా తెలుసు?"

"దూరంగా ఉన్న బోర్డులు కనిపించట్లేదని అప్పుడే నాతో చెప్పాడండి."

"చెబితే మీరేం చేశారు?"

అక్క అతని వైపే చూస్తోంది.

"కార్డు మార్చాను," అన్నాడు.