తాళంకప్పను అడిగిన మాఫీ

మా నాయనకు మక్కాకు తోవ దొరికింది గానీ సిరుగుప్పకు దొరకలేదు. ఆదోనిలో బస్సెక్కితే సిరుగుప్ప ఒక పూట ప్రయాణం కూడా కాదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆయన మీద కొంత, నా మీద ఎక్కువ.

మాది ఆలూరుకూ ఆదోనికీ నడుమ ఒక రేగడి పల్లె. సాయిబుల ఇళ్లు పది పన్నెండుంటాయి. మా ఇంట్లో అంతా తెలుగే. నమాజు అరబ్బీలో, తిట్లు తెలుగులో. తాత పోయేముందు ఉన్న చేనును మా నాయనకూ చిన్నాయనకూ సమంగా పంచి, నడుమ గట్టు వేయించాడు. ఆ చేనూ, గోడకు గోడ ఆనుకున్న రెండు మట్టి మిద్దెలూ, అంతే మా ఆస్తి. వాన పడితే పత్తి, పడకపోతే దుమ్ము.

నాయన చెడ్డవాడేమీ కాదు. అయిదు పూటలా నమాజు చేసేవాడు, ఎవరింట చావు జరిగినా ముందు వెళ్లి నిలబడేవాడు. గట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మంచితనం ఎటు పోయేదో తెలియదు. ఏటా గుంటక తోలేటప్పుడు ఆ గట్టును ఒక సాలు మేర కొరికేవాడు. ఒక సాలంటే ఎంత, జానెడు. ఏడెనిమిదేళ్లకు గట్టు మెల్లగా నడుచుకుంటూ చిన్నాయన చేనులోకి పోయింది. ఒక దినం చిన్నాయన కొలతాడు తెచ్చి నిలదీశాడు.

"గట్టుకు కాళ్లొచ్చినాయా అన్నా?"

కలుపు తీసే కూలోళ్లంతా నవ్వారు. నాయన తమ్ముడి చెంప మీద కొట్టాడు. ఆ దినం నుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

సగం చేనూ పండక, చిన్నాయన ఏటా సుగ్గికి పోవడం మొదలుపెట్టాడు. సుగ్గి అంటే కన్నడంలో కోతల పండగ. మా వైపు ఆ మాటకు అర్థం వేరే. ఇంటికి తాళం వేసి, మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, కర్ణాటకలో సిరుగుప్ప చుట్టూ తుంగభద్ర కాలువ కింద వరి కోతలకు వలసపోవడం. వాళ్లకు పండగ, మాకు పొట్టకూడు.

డెబ్బైల నడుమ ఒక ఏడు పత్తి బాగా పండింది. నాయన హజ్‌కు దరఖాస్తు పెడితే చీటీలో పేరొచ్చింది. ఆదోనిలో రైలెక్కి బొంబాయికి, అక్కడినుంచి ఓడలో. మా ఊళ్లో అంతకు ముందు ఎవరూ పోలేదు. ఆదోని దాటని వాళ్లే సగం మంది. హిందువులు కూడా వచ్చి, "మా పేరున గూడా ఒక మాట సెప్పప్పా ఆడ" అని పోయేవాళ్లు.

హజ్‌కు పోయే మనిషి ముందు ఇంటింటికీ పోయి మాఫీ అడగాలి. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫ్ చెయ్యాలి, అది అల్లా తన మీద వేసుకోడని మా పెద్దలు చెప్పేవాళ్లు. నాయన ఉతికిన జుబ్బా తొడుక్కుని, "చేసిందీ అన్నదీ మాఫ్ చెయ్యండి" అంటూ ఊరంతా తిరిగాడు. కూలివాళ్ల గుడిసెలకూ పోయాడు. ఒక ముసలవ్వ, "చేస్తాలే గానీ, ఆ పొద్దు నా కోడిపుంజును తినింది నువ్వేనా?" అని అందరినీ నవ్వించింది.

చివరికి మిగిలింది పక్కిల్లే. దానికి తాళం. చిన్నాయన వాళ్లు సుగ్గికి పోయి పది దినాలైంది.

"సిరుగుప్పకు పో. నీ తమ్ముడు యాడ కోస్తాంటే ఆడికి పోయి అడుగు," అంది అమ్మ.

"యాడని ఎతకాల? సుగ్గికి అడ్రసుంటదా?" అన్నాడు నాయన.

అది సాకు. మావాళ్లు ఏటా కాలువ కింది ఏ క్యాంపు ఊళ్లో దిగుతారో ఇక్కడ అందరికీ తెలుసు. రైలుకు ఇంకా మూడు దినాలుంది. తమ్ముడి ముందు, వరిమడి గట్టు మీద, పదిమంది చూస్తుండగా తల వంచడం ఆయనకు కష్టంగా ఉంది. అమ్మ విసుక్కుని బిందె తీసుకుని నీళ్లకు పోయింది. నాయన నా వైపు చూశాడు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. మక్కానుంచి నాకు చేతిగడియారం తెస్తానని ఉన్నాడు. ఈ గొడవలో ప్రయాణం ఎక్కడ ఆగిపోతుందోనని నా భయం.

"వచ్చినాక అడుగుదువులే నాయనా," అన్నాను.

ఆయనకూ అదే మాట కావాలి.

బయల్దేరే దినం పూలదండ మెడలో ఉండగానే పక్కింటి తలుపు ముందు నిలబడి, "తమ్ముడా, చేసిందీ అన్నదీ మాఫ్ చెయ్యి" అని తాళంకప్పను తాకాడు. "ఏమంటాది తాళంకప్ప? చేసిందంటనా?" అని అమ్మ అడిగింది.

రెండు నెలలు దాటాక తిరిగొచ్చాడు. ఖర్జూరాలు, మక్కాలోని జమ్‌జమ్ బావి నీళ్ల డబ్బా, నా గడియారం. అందరికీ పంచకముందే ఒక సీసాలో ఆ నీళ్లు నింపి, "ఇది తమ్మునికి" అని పక్కన పెట్టాడు. అప్పుడు అమ్మ చెప్పింది. చిన్నాయనను వరిమడిలో పాము కరిచిందని, నాయన ఓడ మీద ఉన్నప్పుడే ప్రాణం పోయిందని, అక్కడే మట్టి చేశారని.

నాయన సీసా చేత్తో పట్టుకుని పక్కింటికి పోయాడు. నేనూ వెంట పోయాను. ఊరికి తిరిగొచ్చిన చిన్నమ్మ ఇద్దత్‌లో ఉంది. మొగుడు పోయిన ఆడమనిషి ఆ నాలుగు నెలలు బయటి మగవాళ్ల కంట పడదు. అందుకని తలుపు వెనకనుంచే మాట్లాడింది.

"నువ్వు మక్కాకు పోతాండావని మనూరోళ్లు వచ్చి సెప్పినారు బావా. 'నన్ను అడక్కుండా అన్న పోడు, వస్తాడు సూడు' అన్యాడు. ఉతికిన అంగీ ఏసుకొని మూడు దినాలు పనికి పోల్యా. బస్సు వచ్చినప్పుడల్లా రోడ్డు కాడ నిలబడినాడు. నువ్వు రైలెక్కినావని తెలిసినంక అంగీ ఇప్పి మడిలోకి దిగినాడు."

"నన్ను మాఫ్ చేసినాడా?" అన్నాడు నాయన.

"అడిగింటే గదా బావా, చేసేది."

మా నాయన ఏడవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. ఆ ఎండాకాలం ఎవరినీ సాయం రానివ్వకుండా ఒక్కడే పారతో గట్టు తీసి పాతచోట వేశాడు. కొలిస్తే పాతచోటుకంటే జానెడు మా వైపుకే వచ్చింది. ఎవరైనా హాజీసాబ్ అని పిలిస్తే, "తాళంకప్పను అడిగినోన్ని, నన్ను అట్ల పిలవద్దప్పా" అనేవాడు. నాకు తెచ్చిన గడియారం నేను ఎన్నడూ పెట్టుకోలేదు. ఎందుకని ఆయన అడగలేదు.

ఎనభైల చివర్లో నాయన మంచాన పడ్డాడు. చూడవచ్చిన వాళ్లంతా మాఫీ అడిగి, మాఫీ చెప్పి పోతున్నారు. చిన్నమ్మ కూడా వచ్చింది. "నా వంతు నేను మాఫ్ చేసినా బావా. ఆయప్ప వంతు నా చేతిలో లేదు," అంది. నాయన తల ఊపాడు.

వచ్చినాక అడుగుదువులే అన్నది నేనని ఆయన ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఎన్నేళ్లు సాధించినా తానే పడ్డాడు. ఆ చివరి వారమంతా నేనే పక్కన కూర్చుని చెంచాతో జావ తాగించాను. నన్ను మాఫ్ చెయ్యి నాయనా అని దినమూ అడగాలనుకున్నాను. ఇప్పుడు ఆయాసంగా ఉంది, కొంచెం తేరుకున్నాక అడుగుదాంలే అనుకున్నాను.