కత్తెర వేడెక్కింది

కటింగ్ మాస్టారిది బంగారంలాంటి చెయ్యి. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. పని మంచి జోరులో ఉండగా "కత్తెర వేడెక్కింది" అనేవారు. అని, దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు కిటికీ గట్టుమీద పడుకోబెట్టి, స్టూలు లాక్కుని కూర్చునేవారు. ఆయన గుడ్డ కోసిస్తేగానీ కుట్టుమిషన్లు నడవవు. దాంతో దుకాణమంతా ఆయనతోపాటే ఆగేది.

ఓనరు కాలు విరిగి మంచమెక్కడంతో పెత్తనం ఆయన చెల్లెలి మీద పడింది. ఆవిడ అసలే కాలుగాలిన పిల్లి. మొదటిరోజే కత్తెర జబ్బు ఆవిడ కంటపడింది.

"వేడెక్కడానికి అదేమన్నా ఇస్త్రీపెట్టా మాస్టారూ?"

"పొద్దుట్నుంచి నోరు తెరుస్తూ మూస్తూనే ఉందమ్మా, పాపం."

"రెండో కత్తెర ఉందిగా!"

"అది దీని చెల్లెలు. అక్కకు నలతగా ఉంటే చెల్లెలు పనిలోకి వస్తుందా?"

"ఎందుకు రాదు? అన్నయ్య పడితే నేను రాలేదూ?"

మాస్టారు ఇంకో స్టూలు ఆవిడవైపు జరిపారు. "అందుకే, మీరూ కాస్త కూర్చోండమ్మా."

ఆవిడ కూర్చోలేదు. మర్నాడు గ్లాసుడు చన్నీళ్ళు తెచ్చి కత్తెరను అందులో ముంచబోయింది. "అయ్యయ్యో, జలుబు చేస్తుంది!" అని మాస్టారు లాక్కున్నారు.

అంతలో ఒక పెద్ద హోటలు వెయిటర్ల కోట్లు అప్పగించాల్సిన రోజు వచ్చింది. సాయంత్రానికి అందకపోతే ఆ హోటలు వేరే దుకాణం చూసుకుంటుంది. అన్నయ్య లేచేసరికి, ఉన్న ఒక్క పెద్ద బేరాన్నీ పోగొట్టిన చెల్లెలిగా మిగలాలి.

"ఇవాళ కత్తెర భగ్గున మండినా కింద పెట్టకూడదు" అంది.

"సరేనమ్మా" అన్నారు మాస్టారు.

మిషన్లు ఆగలేదు. కాజాలు కుట్టే పెద్దావిడ, దుకాణంలో అందరికీ పిన్ని, మణికట్టు నొక్కుకుంది. మాస్టారు కత్తెర దించబోయి, ఓనరు చెల్లెలి ముఖం చూసి మళ్ళీ కోశారు. ఇంట్లో చంటిపిల్ల ఉన్న ఒకావిడ మిషన్ మీదే తూగింది. కత్తెర మళ్ళీ సగం దిగి పైకి లేచింది. 'హమ్మయ్య, జబ్బు కుదిరింది' అనుకుంది చెల్లెలు. తను మంచినీళ్ళైనా ముట్టకుండా, కోసిన కోటు చేతులు జతలు కట్టి మిషన్లకు అందిస్తోంది.

మధ్యాహ్నం ఇస్త్రీ చేసే ఆయన సరదాగా ఒక కోటు తొడుక్కున్నాడు. దాని రెండు చేతులూ ఒకే పక్కకు తిరిగిపోయాయి.

"అమ్మా, దీనికి రెండూ ఎడమ చేతులే!"

ఇంకోటి తీశాడు. దానికి రెండూ కుడివే. పిన్ని కిసుక్కుమంది. అలసిపోయి అలాగే కుట్టేసినవాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పగలబడి నవ్వారు. జతలు కట్టిన మనిషి మాత్రం నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళతో ఒక కోటు అందుకుంది.

"విప్పండి! అందరూ విప్పండి! ఎవ్వరూ ఆగొద్దు!"

"కత్తెర వేడెక్కిందమ్మా" అన్నారు మాస్టారు.

"కటింగ్ ఎప్పుడో అయిపోయిందిగా! ఖాళీగా పడుంది కదండీ!"

"అయినా వేడెక్కింది." ఆయన కత్తెరను చూడటం లేదు. నీళ్ళు నిండిన ఆవిడ కళ్ళని చూస్తున్నారు.

ఆవిడ కోపంగా కత్తెర ముట్టుకుంది. చల్లగా ఉంది. పిన్ని మణికట్టు, ఆ బాలింత తూగు, సగం దిగి ఆగిన కత్తెర, అన్నీ అప్పుడు గుర్తొచ్చాయి.

"పిన్నికి చెయ్యి నొప్పని నాతో చెప్పొచ్చుగా మాస్టారూ?"

"చెబితే ఆవిడ ఒప్పుకోదమ్మా. నాకేం నొప్పి అని ఇంకా గట్టిగా కుడుతుంది. కత్తెరకైతే పౌరుషం లేదు."

ఈసారి ఆవిడ కూర్చుంది. అందరికీ టీ తెప్పించింది. ఆ తర్వాత తేటపడ్డ కళ్ళతో చేతులు విప్పి, ఎడమా కుడీ మార్చి కుట్టేశారు. చీకటి పడకముందే కోట్లు హోటలుకు వెళ్ళిపోయాయి.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం మాస్టారు గుడ్డ కోస్తూ కోస్తూ కళ్ళు నులుముకుంటున్నారు. ఓనరు చెల్లెలు వచ్చి ఆయన చేతిలోంచి కత్తెర తీసుకుంది.

"వేడెక్కింది మాస్టారూ."

ఆయన కంగారుగా తాకి చూశారు. "చల్లగానే ఉందిగదమ్మా!"

"మీకు తెలీదు, ఊరుకోండి."

దాన్ని గుడ్డలో చుట్టి కిటికీ గట్టుమీద పడుకోబెట్టి, స్టూలు ఆయనవైపు జరిపింది. తర్వాత రెండో కత్తెర కూడా తెచ్చి దాని పక్కనే పడుకోబెట్టింది.

"అక్కకు నలతగా ఉంటే చెల్లెలు మాత్రం ఏం పనిచేస్తుంది?" అంటూ తనూ ఒక స్టూలు లాక్కుంది.