తాడు పట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కరెంటు లేదు. మా నాన్నకు మాత్రం పెద్దాసుపత్రిలో రోజూ కరెంటు పెట్టేవారు. గొంతు క్యాన్సరుకు ఇచ్చే రేడియేషన్ వైద్యాన్ని అప్పట్లో మావైపు అందరూ అలాగే అనేవారు.

మొత్తం ముప్పైసార్లు పెట్టాలన్నారు. పన్నెండోసారికే మెడ కమిలి నల్లబడింది, నోట్లో తడి ఆరిపోయింది, పల్చటి చోడంబలి, అదే రాగిజావ కూడా, గొంతులో ముళ్ళకంపలా దిగేది. నాన్న ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట వెల్డరు. పనిలోకి వెళితేనే కూలి. ఆసుపత్రి కరెంటు ఉచితమే. సూదిమందులు, బస్సు, గుడ్లు, పాలు ఆ జాబితాలో లేవు. పదిహేనోసారి అయ్యాక నాన్న ఇంక చాలన్నారు. మధ్యలో మానితే అసలు మొదలుపెట్టనట్టేనని డాక్టరు ముందే చెప్పారు. అమ్మ ఏడ్చింది. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నారు. మా ఇంట్లో చర్చలు సాధారణంగా అలాగే ముగిసేవి.

మా అద్దె గది జాలరుల పేటను ఆనుకుని ఉండేది. చేపలమ్మే పక్కింటి అత్త రెండుసార్లు డబ్బు తెచ్చిస్తే నాన్న రెండుసార్లూ తిప్పి పంపారు. సబ్బవరం నుంచి వచ్చిన రైతుబిడ్డ దానం పట్టడట. మూడోసారి ఆవిడ డబ్బు తేలేదు. తెల్లవారగానే వచ్చి నాన్న జబ్బ పట్టుకుంది.

"లెగరా తమ్ముడా, ఒడ్డున వల లాగుతన్నారు."

"నానేటి సేత్తానక్కా? నిలబడ్డానికే ఓపిక నేదు."

"నిన్ను నిలబడమన్నానేటి? నడువు."

ఒడ్డునుంచి లాగే పెద్ద వలకు ఆ పేటలో ఒక కట్టుబాటుంది. తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ వాటా ఉంటుంది. ఎంత బలంగా లాగావని అడిగే ఆచారం లేదు. నాన్న తాడు పట్టుకున్నారు, వెనకనుంచి నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన వలను లాగారో, వల ఆయన్ని లాగిందో చెప్పడం కష్టం.

చేపలు పంచేటప్పుడు ఒకాయన గొణిగాడు. "జబ్బు మనిషికీ వాటాయేటి?"

అత్త వెనక్కి తిరిగింది. "నువ్వు తాగేసి తాడుమీద పడి తొంగున్ననాడు నీకివ్వనేదేటి? ఈడు మెలకువగానే ఉన్నాడు కదా!"

ఒడ్డంతా నవ్వింది. నాన్న గొంతులోంచి ఏదో చప్పుడొస్తే భయపడ్డాను. అదీ నవ్వేనని కాసేపటికి అర్థమైంది. బుట్టెడు చేపలు ముందు పెట్టుకుని, బొంగురుగొంతుతో తానే బేరమాడారు.

మర్నాడు ఎవరూ లేపకుండానే వెళ్ళారు. ముందు తాడు, తర్వాత ఆసుపత్రి బస్సు. ఒక్కోరోజు వల ఖాళీగా వచ్చేది. ఆ రోజు అందరికీ సమానంగా ఏమీ దక్కేది కాదు. అలాంటప్పుడు నాన్న అత్త దగ్గర డబ్బు తీసుకునేవారు. తోటి వాటాదారు ఇచ్చేది దానం కాదట. ముప్పైసార్లూ పూర్తయ్యాయి. తర్వాత తొమ్మిదేళ్ళు బతికి, ఆ బొంగురుగొంతుతోనే మమ్మల్నందరినీ తృప్తిగా తిట్టారు.

ఇప్పుడు ఆసుపత్రి వరసల్లో నిలబడడం నా వంతు. "పెద్దవారు, మీకెందుకండీ ఈ అవస్థ, అలా పక్కన కూర్చోండి" అని ఎవరో ఒకరు జాలిపడతారు. కూర్చుంటాను. వరసలో నా చోటు పోకుండా, నా ముందున్నవాణ్ణి, నా వెనకున్నవాణ్ణి పేర్లడిగి గుర్తుపెట్టుకుని మరీ కూర్చుంటాను.