డ్రైవరుగారి కునుకు

రిటైరై ఏళ్ళు గడిచినా, కుర్చీలో కూర్చున్న ఆ బస్సు డ్రైవరు కుడికాలు బ్రేకు కోసం వెతుకుతూనే ఉంటుంది. "ఆడదాని చేతికి స్టీరింగిస్తే బస్సు కాలవలో తేలాల్సిందే" అన్నది ఆయన సిద్ధాంతం. పైఊళ్ళో డ్రైవింగు నేర్చుకుని, సొంతూరి రూట్లోనే ఉద్యోగం తెచ్చుకుని ఇంటికొచ్చిన కూతురు ఆ మాటకు ఊరుకోలేదు.

"ఒక్క ట్రిప్పు ఎక్కి, ఆ తర్వాత అనండి నాన్నా" అంది.

ఎక్కాడు. ఆమె వెనక సీట్లోనే కూర్చుని, మొదటి మలుపులో కమ్మీ పట్టుకున్నాడు. రెండో మలుపులో "హారన్, హారన్!" అని అరిచాడు. వంతెన దాటాక ఆయన మాట వినిపించలేదు. ఆఖరి స్టాపులో కూతురు భుజం తట్టి లేపితే ఉలిక్కిపడ్డాడు.

"నిద్రెవరు పోయారు? భయంతో కళ్ళు మూసుకున్నా."

"మరి ఆ గురక?"

నవ్వుతున్న ప్రయాణికుల వంక చూసి ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అది ఇంజనుదమ్మా. డిపోలో చూపించు."