తాడ్‌పత్రి మూలన చిరునామా

"పేజీ తోక మారిస్తే ఏమైతది నానమ్మా? దుకాణం పేరు అట్లనే ఉంటది గద."

"పోయిన లారీలు ఎనుకకు వస్తయా పిల్లా? వాటి మీద పాత తోకే ఉన్నది."

అది నా కొడుకు కూతురితో నా గొడవ. ముత్తంగి దగ్గర మా ఇంటిల్లిపాదీ లారీల సరుకు మీద కప్పే తాడ్‌పత్రులు కుడతాం. అంతకు ముందు ఏడు మనవరాలు పటాన్‌చెరులో కంప్యూటర్ నేర్చుకుని, దుకాణానికి ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టింది. దాని చిరునామా చివర హెచ్‌టీఎమ్‌ఎల్ అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. మేం తోక అనేది వాటినే. నేను చదివింది మూడో తరగతి. ఆ అక్షరాలు రావు. అయినా ఆమె చిరునామా మొత్తం రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకుని, పాత నూనె డబ్బా రేకులో ఒక్కొక్కటే ఉలితో కోసి అచ్చు చేశాను. ఆ రేకు ఆనించి ప్రతి తాడ్‌పత్రి మూలన రంగు అద్దాను. అవి నాగపూర్, బొంబాయి దారులు పట్టాయి.

ఇప్పుడు ఏ సైజులు తయారుగా ఉన్నాయో పేజీ రోజూ తానే చూపాలట. అందుకు తోక పీహెచ్‌పీ అని మారాలట. మరి పాత తోకతో వెతికినవాడికి ఏం కనబడుతుందని అడిగాను. పేజీ లేదని వస్తుంది, అంతే అంది. అప్పటి నుంచి నాకు కూర్చోబుద్ధి కాలేదు. సూది గుచ్చడం, లేవడం, రోడ్డు మీద లారీ చప్పుడైతే వెళ్లి తాడ్‌పత్రి మూల చూడడం. మాదైతే దాని మీద పాత తోకే. ఎక్కడో దారిలో తాడ్‌పత్రి చినిగినవాడు మా కోసం వెతికి, దుకాణం మూసేశారనుకుంటే?

"గంత పరేషాన్ అయితే బ్రష్ పట్టుకొని హైవే మీద నిలబడు, వచ్చిన లారీనల్లా ఆపు" అని మనవరాలు ఎగతాళి చేసింది.

"కాలు మిషన్ తీసి మోటరు పెట్టిననాడు తాడ్‌పత్రికి పేరు మార్చినమా? లోపట ఏ మిషన్ నడుస్తదో గిరాకికి ఎందుకే?" అన్నాను.

చిరునామా తోక లేకుండా కూడా పెట్టొచ్చని ఆమె గొణిగింది. అట్లయితే రేపు లోపల ఏది మారినా చిరునామా మారదట. సరే పెట్టు, పాతదాన్ని మాత్రం తీసేయకు, దానికి వచ్చినవాళ్లను కొత్తదాని దగ్గరికి పంపాలి అన్నాను. దుకాణం రోడ్డుకు అవతలికి మార్చినప్పుడు పాత తలుపుకు బాణం గుర్తు బోర్డు కొట్టి ఏడాది ఉంచాం కదా. చేతనైతే చేస్తానంది. నాకు నమ్మకం కుదరలేదు.

తెల్లారి పటాన్‌చెరు ఇంటర్నెట్ సెంటరులో ఆమె ఆ పని ముగించేదాకా పక్కన కూర్చుని, తాడ్‌పత్రి మీద ఉన్నట్టే పాత చిరునామా కొట్టించాను. కొత్త పేజీ వచ్చింది. ఇంటికొచ్చి రేకు చివరి తోక ముక్కను కత్తిరించి, మిగిలిన రేకుతోనే రెండు తాడ్‌పత్రులకు రంగు అద్దాను.