మల్లెకు దూప

మొన్న సిద్దిపేటలో మా ఇంటి ముందున్న మల్లెచెట్టు ఆకులు దూశాను. ఆ పచ్చివాసన చేతులకు అంటుకోగానే బాపు గుర్తొచ్చాడు.

అప్పుడు నాకు ఏడేళ్లు. చలి తగ్గుతున్న రోజుల్లో బాపు మల్లెచెట్టు ఆకంతా దూసి, కొసలు కత్తిరించి, "నేను చెప్పేదాక దీనికి సుక్క నీళ్లు పొయ్యొద్దు" అన్నాడు. పోయినేడు సరిగా పూయలేదని దానికి శిక్ష వేశాడనుకున్నాను. రోజూ బడి నుంచి రాగానే వాటర్ బాటిల్లో మిగిలిన నీళ్లు దొంగతనంగా దాని మొదట్లో పోసేదాన్ని.

ఎండాకాలం వచ్చేసరికి పక్కింటి మల్లె తెల్లగా విరబూసింది. మాది ఏపుగా ఆకులేసింది గానీ ఒక్క మొగ్గ లేదు. బాపు చెట్టు మొదట్లో మట్టిని వేలితో గీకి చూశాడు. తడిగా ఉంది.

"ఎవలు పోసిన్రు?"

"నేనే బాపూ. దానికి దూపైతుందని."

బాపు కోప్పడలేదు. "జెర ఎండబెడితెనే మల్లె మొగ్గేస్తది బిడ్డా. ఏం గాదు, ఆలస్యంగనన్న పూస్తది" అన్నాడు. తొలి వానలకు పూసింది. మొదటి పూలు నా జడలోనే పెట్టాడు.

ఈ పొద్దున చూస్తే మా మల్లె మొదట్లో మట్టి తడిగా ఉంది. పక్కనే మా పాప వాటర్ బాటిల్ మూత పడి ఉంది. తీసి, చప్పుడు చేయకుండా పాప బడి సంచిలో వేశాను.

ఈ ఏడు మా ఇంట్లో మల్లెలు ఆలస్యంగా పూస్తాయి.